మన ఫైలు వెనక చరిత్ర: వంద వీసాల నుంచి ఏడు శాతం దాకా

అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు ఇంట్లోనూ ఒక ఫైలుంటుంది. అరలు అరలుగా, అకార్డియన్ పెట్టెలా సాగే ఫైలు. ఇల్లు మారేటప్పుడు సామానంతా ట్రక్కులో వెళ్ళిపోతుంది. ఆ ఫైలు మాత్రం కారు ముందు సీట్లో ఇల్లాలి ఒళ్ళో కూర్చుని ప్రయాణం చేస్తుంది. పాత పాస్‌పోర్టులు, ఐ-20లు, ఐ-797లు, పదో తరగతి సర్టిఫికెట్టు, పెళ్ళి ఫోటోలు, అమ్మానాన్నలు స్టాంపు పేపరు మీద సంతకాలు చేసి పంపిన జన్మదిన అఫిడవిట్లు, అన్నీ అందులోనే. నగలు ఎక్కడున్నాయో ఒక్కోసారి మర్చిపోతాం కానీ ఈ ఫైలు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాం.

పూర్వం పరాయి ఊళ్ళో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే "మీదే ఊరండీ?" అనే ప్రశ్నతో పరిచయం మొదలయ్యేది. మా తరం వచ్చేసరికి దాని వెనకే ఇంకో ప్రశ్న చేరింది. "మీ ప్రయారిటీ డేట్ ఎప్పుడండీ?"

ఆమధ్య ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చిన కుర్రాడు, నాకు వరసకి తమ్ముడవుతాడు, పప్పన్నం కలుపుకుంటూ అడిగాడు. "అన్నా, ఈ లైను ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" ఏళ్ళ తరబడి ఆ లైన్లో నిలబడి వచ్చినవాణ్ణి నేను. అయినా నా దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే, "అదంతేరా" అన్నాను. అన్నాక సిగ్గేసింది. పాత ప్రోగ్రాములో అర్థంకాని లైను కనిపిస్తే ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎందుకు రాశారో తవ్వి చూడడం నా ఉద్యోగం. నా జీవితాన్ని నడిపిన లైను గురించి మాత్రం ఒక్కరోజూ తవ్వి చూడలేదు. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం. నేను లాయర్ని కాను కాబట్టి దీన్ని న్యాయ సలహాగా తీసుకోవద్దు. మన ఫైలు వెనక ఉన్న చరిత్రగా చదవండి.

తలుపు మూసిన రోజులు

అమెరికా తొలి పౌరసత్వ చట్టం 1790 నాటిది. బయటి నుంచి వచ్చినవాళ్ళలో స్వేచ్ఛ కలిగిన తెల్లవారికి మాత్రమే పౌరసత్వం అని అందులో రాశారు. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా సంతతి వారిని కూడా చేర్చారు. ఆసియావాళ్ళ ఊసు ఎక్కడా లేదు. 1917 ఫిబ్రవరి 5న వచ్చిన వలస చట్టం ఇంకొంచెం ముందుకెళ్ళి, ఆసియాలో చాలా భాగాన్ని గీత గీసి నిషేధిత మండలం అంది. మన దేశం ఆ గీత లోపలే పడింది. విద్యార్థుల వంటి కొద్దిమందికి మాత్రం మినహాయింపు ఉంచారు.

ఆ రోజుల్లో ఇక్కడున్న భారతీయులు ఎక్కువగా పంజాబీ రైతులు, కలప మిల్లుల్లో కూలీలు, కొద్దిమంది విద్యార్థులు. వారిలో ఒకరు భగత్ సింగ్ థింద్. 1913లో వచ్చి, 1918లో అమెరికా సైన్యంలో చేరి, గౌరవంగా విడుదలయ్యాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆయనకి పౌరసత్వం ఇచ్చి నాలుగు రోజులకే వెనక్కి తీసుకున్నారు. 1920లో ఆరెగన్‌లో మళ్ళీ ఇచ్చారు. ప్రభుత్వం ఒప్పుకోక సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఉత్తర భారతీయులు కాకేషియన్ జాతికి చెందినవారని ఆనాటి శాస్త్రవేత్తలే అన్నారు కాబట్టి నేను తెల్లవాడి కిందే లెక్క అని ఆయన తరఫున వాదన. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ జార్జ్ సదర్లాండ్. శాస్త్రవేత్తలు ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు ఎవరో అదే లెక్క అన్నారు. తమాషా ఏమిటంటే, అంతకు మూణ్ణెల్ల ముందే టకావో ఒజావా అనే జపనీయుడి కేసులో ఇదే న్యాయమూర్తి తెల్లవాడంటే కాకేషియన్ అని రాశారు. ఒకరిని కాకేషియన్ కాదని తోసేశారు, ఇంకొకరిని కాకేషియన్ అయితే మాత్రం ఏమిటని తోసేశారు.

థింద్ వాదనలోనూ ఇవాళ మనం గర్వపడవలసింది ఏమీ లేదు. చట్టం అన్యాయమని అనకుండా, ఆ అన్యాయంలో నాకు పై మెట్టు ఇవ్వండి అని అడగడం అది. కాకపోతే ఆ చట్టం తెరిచి ఉంచిన కిటికీ అదొక్కటే. మనిషి ఏ కిటికీ కనిపిస్తే దానిలోంచే చేయి చాపుతాడు.

తీర్పు ఫలితం ఒక్క థింద్‌తో ఆగలేదు. అప్పటికే పౌరసత్వం పొందిన యాభైమందికి పైగా భారతీయుల మీద, దాన్ని రద్దు చేయడానికి ప్రభుత్వం కేసులు వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్న వైష్ణోదాస్ బగాయ్ వారిలో ఒకరు. 1915లో భార్య కళతో, ముగ్గురు కొడుకులతో వచ్చి, 1921లో పౌరుడైన మనిషి. అది పోయింది. పౌరసత్వానికి అనర్హులైన వారికి ఆస్తి హక్కులు లేవన్న కాలిఫోర్నియా చట్టం వల్ల ఆస్తీ చేజారింది. స్వదేశం చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వరు. ఏ బ్రిటిష్ పాలన కాదని వచ్చాడో ఆ బ్రిటిష్ పాస్‌పోర్టే తీసుకోమన్నారు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. కాగితం పోతే ఏమవుతుంది అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

తన కాగితం కోసం నిలబడ్డ లాయరు

ఈ కథలో మనం అంతగా తలుచుకోని మనిషి ఒకరున్నారు. సఖారాం గణేశ్ పండిట్. 1914లో పౌరసత్వం పొంది, లాస్ ఏంజిలిస్‌లో లాయరుగా స్థిరపడ్డారు. సుప్రీంకోర్టులో థింద్ తరఫున వాదించింది ఆయనే. ఆ కేసు ఓడిపోయాక ప్రభుత్వం ఆయన పౌరసత్వం మీద కూడా కేసు పెట్టింది.

పండిట్ ఈసారి దారి మార్చారు. నేను తెల్లవాణ్ణా కాదా అన్న గొడవలోకి దిగలేదు. మీ కోర్టే విచారించి నాకు పౌరసత్వం ఇచ్చింది, అప్పట్లో మీరు అప్పీలు చేసుకోలేదు, దాన్ని నమ్మి నేను నా దేశపు హక్కులు వదులుకున్నాను, లాయరు వృత్తి చేపట్టాను, ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను, ఇన్నేళ్ళ తర్వాత కాదంటే ఎలా అన్నారు. 1926లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 1927లో ప్రభుత్వ అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. దాంతో మిగిలిన భారతీయుల మీద రద్దు కేసులకు కూడా అడ్డుకట్ట పడింది. తన ఒక్క ఫైలు కోసం గట్టిగా నిలబడ్డ మనిషి వల్ల పదిమంది ఫైళ్ళు నిలబడ్డాయి.

థింద్‌కి కూడా చివరికి న్యాయం జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన సైనికులకు జాతితో పని లేకుండా పౌరసత్వం ఇవ్వవచ్చని 1935లో చట్టం వచ్చాక, 1936లో న్యూయార్క్‌లో మూడోసారి పౌరసత్వం తీసుకున్నారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ కదిలించలేదు.

భీమవరం బిడ్డ, వంద వీసాలు

ఇదే కాలంలో మన తెలుగువాడు ఒకరు బాస్టన్‌లో ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1920ల మొదట్లో, తలుపు మూసేసిన రోజుల్లోనే, చదువు కోసం వచ్చారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇద్దరి పేరు మీదా నిలిచిపోయింది. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్, క్యాన్సర్ మందుల్లో తొలి తరానివి, ఇవన్నీ ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలాలు.

ఆయన లెడర్లీలో చేరిన 1940లోనే అమెరికాలో విదేశీయుల నమోదు చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళు దాటిన ప్రతి పౌరుడుకాని మనిషీ పోస్టాఫీసుకి వెళ్ళి, వేలిముద్రలు వేసి, పేరు రాయించుకోవాలి. మన గ్రీన్‌కార్డు మీద, ఐ-485 రసీదు మీద కనిపించే 'ఏ' నంబరు ఆ నమోదుతో పుట్టిందే. ఇవాళ బయోమెట్రిక్స్‌కి రమ్మని మనకి వచ్చే ఉత్తరానికి తాతముత్తాత ఆ పోస్టాఫీసు వరసే.

రెండో ప్రపంచయుద్ధం కాలంలో గాలి మారింది. జపాన్ మీద యుద్ధంలో భారతదేశం సహాయం కావాలి, ఆ దేశపువాళ్ళని మాత్రం చట్టంలో అంటరానివాళ్ళుగా ఉంచడం అమెరికాకే ఇబ్బందిగా తోచింది. ఆ ఇబ్బందిని కాంగ్రెస్‌ సభ్యుల గుమ్మాల దాకా మోసుకెళ్ళినవాళ్ళు ఇక్కడి భారతీయులే. న్యూయార్క్‌లో వ్యాపారం చేసుకుంటూ ఇండియా లీగ్ నడిపిన జె. జె. సింగ్, అరిజోనాలో వ్యవసాయం చేసుకునే ముబారక్ అలీ ఖాన్ వంటివారు ఏళ్ళ తరబడి తిరిగారు. ఓటు హక్కు లేని మనుషులు ఓటు వేయించుకునేవాళ్ళని ఒప్పించారు. రిపబ్లికన్ క్లేర్ బూత్ లూస్, డెమోక్రాట్ ఇమాన్యుయెల్ సెల్లర్ కలిసి తెచ్చిన బిల్లు మీద 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు.

ఆ చట్టం భారతీయులకి పౌరసత్వానికి అర్హత ఇచ్చింది. దానితోపాటు ఏడాదికి వలస వీసాలు కూడా ఇచ్చింది. ఎన్ని? వంద. అవిభక్త భారతదేశం అంతటికీ వంద! మన పెళ్ళిళ్ళలో ఒక్క బంతికి అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు. అయినా ఆ చిన్న సందులోంచే పెద్ద మార్పులు వచ్చాయి. 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. సుబ్బారావుగారు మాత్రం పౌరసత్వం తీసుకోకుండానే, మళ్ళీ స్వదేశం చూడకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు. లక్షల మందికి ప్రాణం పోసిన మందుల వెనక ఉన్న మనిషి, ఈ దేశపు కాగితాల్లో ఆఖరిదాకా విదేశీయుడే.

లిబర్టీ ద్వీపంలో ఒక సంతకం

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ న్యూయార్క్‌లోని లిబర్టీ ద్వీపంలో, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. హార్ట్-సెల్లర్ చట్టం. ఇందులో సెల్లర్, 1946 నాటి సెల్లరే. జాతిని బట్టి, పాత కోటాలను బట్టి ఎంచుకునే పద్ధతి పోయింది. 1968 నుంచి మన వంటి దేశాలకు ఏడాదికి గరిష్ఠంగా ఇరవై వేలు, కుటుంబ బంధాలకూ వృత్తి నైపుణ్యానికీ ప్రాధాన్యం అన్నారు. వంద ఒక్కసారిగా ఇరవై వేలయింది.

గుంటూరు, ఆంధ్రా, ఉస్మానియా వైద్య కళాశాలల నుంచి, ఇంజనీరింగ్ కాలేజీల నుంచి మనవాళ్ళు రావడం అప్పుడు ఊపందుకుంది. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగిందంటే దాని వెనక ఈ చట్టం ఉంది. అంతకు ముందు ఏడాది, 1976లో, విదేశీ డాక్టర్ల రాకను కష్టం చేస్తూ ఇంకో చట్టం వచ్చింది. తలుపు ఒక పక్క తెరుచుకుంటే ఇంకో పక్క మూసుకోవడం ఈ చరిత్రలో మామూలే.

ఆ తరం పెద్దల్ని అడిగితే ఇంకో విషయం చెప్తారు. గ్రీన్‌కార్డు అప్పట్లో ఆకుపచ్చగా ఉండేది కాదట. నిజమే. 1946 నాటి కార్డు ఆకుపచ్చది, అందుకే ఆ పేరు. 1964లో రంగు నీలానికి మార్చారు. ఆ తర్వాత ఎన్నో రంగులు మారి 2010లో మళ్ళీ ఆకుపచ్చ అయింది. రంగు పోయినా పేరు పోలేదు.

జూన్ నెలలో పుట్టిన ఊరు

అమెరికా చట్టాలు ఒక ఎత్తు, మన ఇంటి దగ్గరి కాగితాలు ఇంకో ఎత్తు. మన దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. వచ్చాక కూడా పల్లెల్లో ఇంట్లో పుట్టిన పిల్లల పేర్లు రాయించినవాళ్ళు తక్కువ. బడిలో వేసిన రోజున, అయిదేళ్ళు నిండినట్టు మాష్టారు లెక్కగట్టి ఏ జూన్ ఒకటో తారీఖో వేసేసేవారు. అదే పదో తరగతి సర్టిఫికెట్టులోకి, దానిలోంచి పాస్‌పోర్టులోకి ఎక్కేది. అమ్మని అడిగితే "నువ్వు అట్లతద్ది మర్నాడు పుట్టావురా" అంటుంది. ఫైలేమో జూన్ అంటుంది. ఇక్కడి ఆఫీసుకి అట్లతద్ది తెలియదు. అందుకని మునిసిపాలిటీ నుంచి రికార్డు లేదన్న పత్రం, దానికి తోడు మన పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు. ఎనభై ఏళ్ళ మేనత్త నోటరీ ముందు వేలిముద్ర వేసి ఒక మేనల్లుడికి గ్రీన్‌కార్డు తెప్పించిన కథలు మన ఇళ్ళలో ఎన్నో.

పేర్ల బాధ ఇంకోటి. మనకి ఇంటిపేరు ముందు, పేరు వెనక. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే, వీసా మీద మొదటిపేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని వచ్చేది. మొదటిపేరు తెలియదు అని దాని అర్థం. అమ్మానాన్నలు ముహూర్తం చూసి బియ్యంలో రాసి పెట్టిన పేరుండగా, డ్రైవింగ్ లైసెన్సు మీద మనవాళ్ళు ఎందరో ఎఫ్‌ఎన్‌యూలయ్యారు.

వీసా ముద్ర కోసం చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి, మద్రాసులో జెమిని ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్ గోడ వెంబడి నిలబడ్డవాళ్ళు ఈ మహాసభల్లో చాలామందే ఉంటారు. హైదరాబాదు కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో 2008 అక్టోబరులో మొదలైంది, వీసాలు 2009 నుంచి ఇచ్చారు. 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. ఆ మద్రాసు వరసలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి "బ్యాంకు పేపర్లు పైన పెట్టుకో తమ్ముడూ" అని చెప్పిన మాటే, చాలామందికి జీవితంలో అందిన తొలి వీసా సలహా.

ఏడు శాతం ఎక్కడిది?

ఇక మా తమ్ముడి ప్రశ్నకి వస్తాను. ఇవాళ్టి లైను పుట్టింది 1990 నవంబరు 29న, పెద్ద బుష్ సంతకం చేసిన వలస చట్టంతో. 1952 నుంచి ఉన్న హెచ్-1 వీసాలోంచి హెచ్-1బీ విడిపడింది, ఏడాదికి 65 వేలు అని పరిమితి పెట్టారు. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి లక్షా నలభై వేలకు పెంచారు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు అన్నారు.

ఈ ఏడు శాతాన్ని ఒకసారి లెక్క వేసి చూడండి. ఈబీ-2 తరగతికి లక్షా నలభై వేలలో 28.6 శాతం, అంటే 40,040. అందులో ఏడు శాతం 2,803. ఇది ఉద్యోగుల సంఖ్య కూడా కాదు. భార్యా పిల్లలు కూడా ఇందులోనే లెక్క. నలుగురున్న కుటుంబాలైతే ఏడువందల కుటుంబాలకి సరి. మిగతా దేశాలు వాడుకోకుండా మిగిలినవి పాత తేదీల వారికి వస్తాయి కాబట్టి కొన్నేళ్ళలో మనకి ఇంతకంటే ఎక్కువే అందాయి. కానీ వాటి మీద ఆశ, ఎగువ చెరువు పొర్లితే మన పొలానికి నీళ్ళొస్తాయన్న ఆశ వంటిది.

ఇంకో విచిత్రం ఉంది. ఈ లెక్క పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. నాన్నగారు కువైట్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడ పుట్టిన తెలుగబ్బాయి కువైట్ లెక్కలోకి వెళ్తాడు. వాడి తమ్ముడు రాజంపేటలో పుడితే భారతదేశం లెక్కలోకి వస్తాడు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే చదువు, రెండు లైన్లు.

1990లో దీన్ని మన మీద కోపంతో రాయలేదు. ఏ ఒక్క దేశమూ మొత్తం సంఖ్యను మింగేయకూడదన్నది దాని ఉద్దేశం. అయితే దాని వెనకే వై2కే వచ్చింది. రెండువేల సంవత్సరపు సమస్యని దిద్దడానికి అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకున్న పిల్లలు విమానాలెక్కారు. హెచ్-1బీ పరిమితిని 1998 చట్టంతో లక్షా పదిహేను వేలకి, 2000 చట్టంతో మూడేళ్ళపాటు లక్షా తొంభై అయిదు వేలకి పెంచారు. లోపలికి వచ్చే గేటు వెడల్పు చేశారు, గ్రీన్‌కార్డు గేటు మాత్రం ఎంతుందో అంతే ఉంచారు. ఇంజనీర్లకి చెప్పక్కర్లేదు, మధ్యలో ఏమవుతుందో.

ఒక మేలు మాత్రం చెప్పుకోవాలి. 2000 అక్టోబరు 17న క్లింటన్ సంతకం చేసిన ఆ చట్టమే, గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉంటే ఆరేళ్ళు దాటాక కూడా హెచ్-1బీ పొడిగించుకోవచ్చని, ఐ-485 వేసి 180 రోజులైతే అదే తరహా ఉద్యోగానికి మారవచ్చని అంది. ఇవాళ ఇక్కడ ఇల్లు కొనుక్కుని పిల్లల్ని బడికి పంపుతున్న వేలాది కుటుంబాలు నిలబడి ఉన్నది ఆ రెండు వాక్యాల మీదే.

2007 జూలై

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. 2004లో నా లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు వేశారు. 2005 మార్చి 28న పెర్మ్ అనే కొత్త పద్ధతి వచ్చి, తర్వాత వేసినవాళ్ళవి నెలల్లో తెమిలిపోతుంటే, మా పాత దరఖాస్తులు డాలస్‌లో, ఫిలడెల్ఫియాలో తెరిచిన బ్యాక్‌లాగ్ కేంద్రాల్లో మూలిగాయి. నలభై అయిదు రోజుల ఉత్తరం వచ్చిందా అన్నది ఆ రోజుల్లో కుశల ప్రశ్న. నాదీ, ఆఫీసులో పక్క గదిలో కూర్చునే మిత్రుడిదీ నెల తేడాతో వేసినవే. నాది 2007 మేలో వచ్చింది. అతనిది రాలేదు.

ఆ జూన్‌లో విదేశాంగ శాఖ జూలై నెల వీసా బులెటిన్ ఇచ్చింది. ఉద్యోగ తరగతులు దాదాపు అన్నీ కరెంట్! దేశమంతా మనవాళ్ళు మెడికల్ పరీక్షలకి, టీకాలకి, ఫోటోలకి పరుగులు పెట్టారు. బాలింతలు పసిపిల్లల్ని ఎత్తుకుని క్లినిక్కుల్లో కూర్చున్నారు. ఇండియా వెళ్ళినవాళ్ళు పెళ్ళిళ్ళు మధ్యలో వదిలి వెనక్కి వచ్చారు. తీరా జూలై 2న, దరఖాస్తులు చేరవలసిన రోజున, నంబర్లు అయిపోయాయి, తీసుకోము అన్నారు.

అప్పుడు జరిగింది మనం మర్చిపోకూడదు. ఎవరూ రాళ్ళు వేయలేదు. పూలు పంపారు. ముందు సంవత్సరం వచ్చిన లగే రహో మున్నాభాయ్ సినిమాలోని గాంధీగిరి స్ఫూర్తితో, వలస శాఖ డైరెక్టరు కార్యాలయానికి వందలాది పుష్పగుచ్ఛాలు వెళ్ళాయి. ఆయన వాటిని గాయపడ్డ సైనికులున్న ఆసుపత్రులకి మళ్ళించారు. శాన్‌హోసేలో ఊరేగింపు జరిగింది. పత్రికలు రాశాయి, కాంగ్రెస్ సభ్యులు ప్రశ్నించారు. జూలై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామంది. అదే నెలలో ఆ సినిమా తెలుగు రూపం శంకర్‌దాదా జిందాబాద్ విడుదలైంది. మాకు మాత్రం అసలు సినిమా అప్పటికే అయిపోయింది.

నేను ఆ కిటికీలోంచి లోపలికి వెళ్ళాను. నా భార్యకి పని చేసుకునే అనుమతి ఆ శీతాకాలంలోనే వచ్చింది. నా మిత్రుడి లేబర్ సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి కిటికీ మూసేశారు. అతని భార్య ఫార్మసీ చదివిన మనిషి. ఇండియాలో ఉద్యోగం వదిలి వచ్చింది. హెచ్-4 మీద ఉన్నవారిలో కొందరికి పని అనుమతి ఇస్తూ 2015 మే 26న నిబంధన అమల్లోకి వచ్చేదాకా, దాదాపు ఎనిమిదేళ్ళు, ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. మా ఇద్దరి మధ్యా తెలివిలో తేడా లేదు, కష్టంలో తేడా లేదు. ఏదో గదిలో ఏదో కట్టలో ఎవరి కాగితం పైనుందన్నదే తేడా. ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ నవ్వుతూ కాఫీ ఇచ్చేది. తీసుకోవడానికి నాకే చేతులు రాలేదు.

ఇంకా కదలని లైను

తర్వాతి కథ మీకు తెలిసిందే. దేశాల వారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరు 2న వేరే రూపంలో ఆమోదించింది. రెండు సభల రూపాలూ కలవక, ఆ సభ గడువు తీరి, చట్టం కాలేదు. ఈబీ-2 ఇండియా తేదీ 2022 వేసవిలో 2014 డిసెంబరు దాకా పరుగెత్తి, ఆ ఏడాది చివరికి 2011 అక్టోబరుకి జారిపోయింది. 2025 అక్టోబరులో కూడా అది 2013లోనే ఉంది. 2025 సెప్టెంబరు 19న, దేశం బయటి నుంచి వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అంటూ అధ్యక్ష ప్రకటన వెలువడిన రాత్రి, సెలవుకి ఇండియా వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఎవరూ నిద్రపోలేదు.

అన్నిటికంటే బాధించేది పిల్లల సంగతి. నాలుగేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి, ఇక్కడి బడిలో చదివి, మన సాంస్కృతిక పోటీల్లో పద్యాలు చెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్ల, ఇరవై ఒకటి నిండగానే అమ్మానాన్నల లైన్లోంచి జారిపోతుంది. 2002 ఆగస్టులో వచ్చిన పిల్లల హోదా రక్షణ చట్టం కొందరిని కాపాడింది. లైను ఇంత పొడుగైపోతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

మనం చేయగలిగినవి

తమ్ముడికి ఇప్పుడు నేను చెప్పే సమాధానం ఇది. ఈ లైను దేవుడు పెట్టింది కాదురా, మనుషులు రాసింది. 1917లో ఒకరు రాస్తే 1946లో ఇంకొకరు దిద్దారు. వంద అన్నది ఇరవై వేలయింది. లేదన్న కిటికీ 2007లో పదిహేను రోజుల్లో తెరుచుకుంది. ప్రతిసారీ దిద్దించింది కాగితం లేనివాళ్ళు ఒక్కరే కాదు, కాగితం ఉన్నవాళ్ళు వాళ్ళ పక్కన నిలబడడం వల్ల.

ఇక్కడే నాకు గుచ్చుకునే విషయం ఉంది. మనలో చాలామంది ఆ గట్టెక్కేశాం. గ్రీన్‌కార్డు వచ్చిన రోజున గుళ్ళో కొబ్బరికాయ కొట్టాం, పౌరసత్వ ప్రమాణం రోజున చిన్న జెండా పట్టుకుని ఫోటో దిగాం, ఆ తర్వాత ఆ అకార్డియన్ ఫైలు అటక ఎక్కించేశాం. దానితోపాటు లైన్లో మిగిలిపోయినవాళ్ళనీ అటకెక్కించాం. పండిట్ తన కేసు గెలిచినా గెలవకపోయినా నోరు మూసుకుని ఉండి ఉంటే మిగతావాళ్ళ గతి ఏమయ్యేదో ఒక్క క్షణం ఆలోచించండి. జె. జె. సింగ్‌కి ఓటు లేదు. మనకుంది.

చిన్న పనులే చెప్తాను. మీ నియోజకవర్గపు కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయంలో వలస కేసులు చూసే ఉద్యోగులుంటారు, వాళ్ళ ఫోన్ నంబరు తెలుసుకుని కుర్రవాళ్ళకి ఇవ్వండి. ఏళ్ళ తరబడి లైన్లో ఉన్న ఒక కుటుంబం గురించి, ఓటరుగా మీరే ఒక ఉత్తరం రాయండి. కొత్తగా వచ్చినవాళ్ళకి మనం నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్పండి. ఖాళీ ఫారం మీద సంతకం చేయవద్దు. కంపెనీ ఏం వేసినా ఐ-140 ఆమోద పత్రం నకలు అడిగి దాచుకోవాలి. పుట్టిన తేదీ, పేరు అక్షరాలు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. అమ్మానాన్నలు ఓపికగా ఉన్నప్పుడే అఫిడవిట్లు రాయించుకోవాలి. పనైపోతుందని మాట ఇచ్చే మధ్యవర్తి కంటే, ఆలస్యమవుతుందని నిజం చెప్పే లాయరు మేలు.

ఇలాంటి మహాసభల్లో నగల దుకాణాలకీ, స్థలాల అమ్మకాలకీ వరసలుగా బల్లలు వేస్తాం. ఒక మూల ఇంకో బల్ల వేసి, గట్టెక్కిన నలుగురం గంటగంట చొప్పున కూర్చుంటే ఎంత బాగుంటుంది! మద్రాసు కాన్సులేట్ గోడ దగ్గర ముక్కూమొహం తెలియని మనిషి చెప్పిన మాట వల్ల మనం ఇక్కడిదాకా వచ్చాం. ఆ అప్పు తీర్చవలసిన చోటు ఇదే.

నేను మొన్న అటక మీంచి నా ఫైలు దించాను. దుమ్ము దులిపి, మా తమ్ముడి ముందు పెట్టి, మొదటి అరలోంచి ఒక్కొక్క కాగితం తీసి చూపించడం మొదలుపెట్టాను. రాత్రి పదకొండయింది. వాడు నోట్సు రాసుకుంటూనే ఉన్నాడు.